జాండోర్గాలో బట్టలెక్కడ ఆరేస్తారు?

ముప్పై ఎనిమిది మీటర్ల ఉక్కు రోబో లోకాన్ని కాపాడుతుంది. దాన్ని అరచెయ్యంత చేసి, జలుబు తెప్పించి, నాలుగు గడుల బొమ్మల కథలో తుమ్మించడం నా ఉద్యోగం. పేరు హొజుమి, వయసు యాభై ఎనిమిది. ఈ వయసులో మా నాన్న రైల్వేలో స్టేషన్ మాస్టరు. నన్ను కూడా మాస్టారనే పిలుస్తారు గాని, నేను జెండా ఊపితే ఏ రైలూ కదలదు.

పెద్ద జాండోర్గాని పుట్టించినవాళ్ళు వేరే ఉన్నారు. అది టీవీలో వచ్చి ముప్పై ఏళ్ళు దాటినా, దాని పాట వినపడితే రైల్లో నిటారుగా కూర్చునే మగవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నేను గీసేది ‘బుజ్జి జాండోర్గా’. ఒక నెలవారీ పత్రికలో చివరి పేజీలకి దగ్గరగా, ప్రకటనలకి కొంచెం ముందు వస్తుంది. ఎక్కడైనా విందులో నన్ను “ఈయన జాండోర్గా గీస్తారు” అని పరిచయం చేస్తే అవతలివాడి కళ్ళు మెరుస్తాయి. “బుజ్జిదండీ” అంటాను. “ఓహో, మా అమ్మాయి చిన్నప్పుడు చూసేది” అని ఆయన వంటకాల బల్ల వైపు నడుస్తాడు. పంతొమ్మిదేళ్ళుగా ఇదే వరస.

పంతొమ్మిదేళ్ళూ నా నెత్తిన కూర్చున్న మనిషి పేరు ఇసోగాయి. జాండోర్గా హక్కులున్న కంపెనీలో పరిశీలకుడు. ఆయన చూసి ముద్ర వెయ్యనిదే నా చిత్తు ప్రతి అచ్చుకి వెళ్ళదు. నేను ఫ్యాక్స్‌లో పంపిస్తే, ఆయన ఎర్ర పెన్నుతో దిద్ది తిప్పి పంపేవాడు. మొదటి ఎర్ర రాత నాకింకా గుర్తే. “మోకాలికి బోల్టులు ఆరు. మీరు ఐదు గీశారు.”

నా రోబో మొత్తం ఎత్తు దాని తలకి రెండింతలే. దానికి మోకాలే లేదు మహాప్రభో అని రాసి పంపాను. గంటలో జవాబొచ్చింది. “మోకాలు లేకపోయినా బోల్టులు ఆరు.”

మూడేళ్ళు పళ్ళు నూరుకుంటూ బోల్టులు గీశాను. ఆ మూడేళ్ళూ పాఠకుల పోస్టుకార్డుల్లో మాది పద్నాలుగో స్థానం. ప్రతి సంచికలో ఒక కార్డు కుట్టి ఉంటుంది. ఈ నెల నచ్చినవి మూడు, నచ్చనిది ఒకటి, కారణం రాయడానికి రెండు గీతలు. పత్రికలో పద్దెనిమిది శీర్షికలుంటే, ఎవరు బతకాలో ఎవరు పోవాలో ఆ కార్డులే చెబుతాయి.

ఒక నెల నేను, పైలట్ రేయిజీ తన లోదుస్తులు ఉతుక్కుని జాండోర్గా కొమ్ముకి ఆరేసినట్టు గీశాను. ఫ్యాక్స్ తిరిగొచ్చింది. “కొమ్ము యుద్ధంలో ఎర్రగా కాలుతుంది, కాబట్టి అక్కడ కుదరదు. ఎడమ మోకాలి వెనక గాలి గొట్టం దగ్గర ఆరేయవచ్చు. అయితే మూడో దళం అనుమతి పత్రం కావాలి. ఆ పత్రం ఇచ్చే కిటికీ మంగళవారం మాత్రమే తెరుస్తారు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. మొండికేసి, ఆ ఎర్ర రాతని అక్షరం మార్చకుండా నాలుగో గడిలో చీఫ్ ఇంజనీరు నోట్లో పెట్టేశాను. రేయిజీ తడి గుడ్డలు పట్టుకుని మూసిన కిటికీ ముందు నిలబడి ఉంటాడు. ఈ దెబ్బకి ఇసోగాయికి బుద్ధొస్తుందనుకున్నాను. ఆయన ముద్ర వేసి పంపాడు. ఆ నెల మాకు నాలుగో స్థానం వచ్చింది.

అప్పట్నుంచి పద్ధతి అదే. మొదటి మూడు గడులూ నేను గీస్తాను, నాలుగోదాంట్లో ఆయన ఎర్ర రాత పడుతుంది. నవ్వు నాలుగో గడిలో ఉంటుందన్న సంగతి మా వృత్తిలో బ్రష్షు కడిగేవాడికి కూడా తెలుసు. నేను మాత్రం పదహారేళ్ళపాటు, నా మొండితనం వల్లే కథ నడుస్తోందని నమ్మాను. ఒక ఏడాది చివర విందులో తాగి ఆయన దగ్గరకి వెళ్ళాను కూడా. “మీ బోల్టుల వల్లే నా జుట్టు నెరిసిపోయిందండీ!” అన్నాను. ఇసోగాయి గ్లాసు కింద పెట్టి, “లేదండీ. మన మొదటి సమావేశం నాటికే ఎడం పక్క నెరిసి ఉంది,” అన్నాడు. ఆయన ముఖంలో వెటకారం వెతికాను గాని కనపడలేదు.

పోయిన వసంతంలో ఇసోగాయి పదవీ విరమణ చేశాడు. వీడ్కోలు సభకి నేను వెళ్ళలేదు, పని ఉందని చెప్పి ఇంట్లో బీరు తాగాను.

ఆయన స్థానంలో ఒక కుర్రవాడు వచ్చాడు. మహా మర్యాదస్తుడు. నా చిత్తు ప్రతులు పది నిమిషాల్లో తిరిగొచ్చేవి, “చాలా బాగుంది, ఏ ఇబ్బందీ లేదు” అన్న మాటతో. మొదటి నెల పండగ చేసుకున్నాను. రెండో నెల నాలుగో గడి ముందు కూర్చుని గోళ్ళు కొరుక్కున్నాను. మూడో నెల దొంగపనికి దిగాను. ఎర్ర పెన్ను కొనుక్కొచ్చి, నాకు నేనే ఇసోగాయిలా దిద్దుళ్ళు రాసుకున్నాను.

ఆ రాతలు ఎంత దరిద్రంగా ఉన్నాయో చెప్పుకుంటే సిగ్గు. “హెల్మెట్‌లో నూడుల్స్ తినరాదు. తినాలంటే అనుమతి పత్రం కావాలి. ఆ పత్రానికి ఇంకో పత్రం కావాలి.” పాఠకులు వెంటనే పసిగట్టారు. “చీఫ్ ఇంజనీరు గారికి ఒంట్లో బాగుండట్లేదా?” అని నగోయా నుంచి ఒకరు కార్డు రాశారు. సెందాయి నుంచి ఒకాయన, ఇంజనీరు వేషంలో శత్రువుల గూఢచారి దూరాడని, ఆ సంగతి రచయిత గారు ఎప్పుడు బయటపెడతారా అని ఎదురుచూస్తున్నానని రాశాడు. మా స్థానం తొమ్మిది, పదమూడు, పదిహేడు. కింద మిగిలింది జాతకాల పేజీ ఒక్కటే.

మా సంపాదకురాలు మినెగిషికి ఇరవై ఏడేళ్ళు. చెడు కబురు చెప్పాల్సి వస్తే ముందు పుడ్డింగ్ తెస్తుంది. ఆ రోజు రెండు తెచ్చింది.

“మాస్టారూ, డిసెంబరు సంచికకి పదో స్థానం లోపలికి రాకపోతే ఆపేస్తామన్నారు. మా పెద్దాయన మాట అది. నేను గొడవపడ్డాను, నిజంగా!”

“నువ్వు తిను, నాకొద్దు.”

“రెండూ మీకే. మాస్టారూ, ఒకటి అడగనా? కోప్పడొద్దు. ఆ నాలుగో గడి... ఇంతకుముందు ఎవరు రాసేవారు?”

నేను రాసేవాణ్ణని చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచిన నోరు ఎలాగూ తెరిచాను కదా అని పుడ్డింగ్ తిన్నాను.

‘బుజ్జి జాండోర్గా’ ఆగిపోతే నా పని ఏమిటి? ఇంకే రోబోనీ ఎవరూ నాకివ్వరు. అంతకంటే పెద్ద భయం వేరే ఉంది. ముప్పై ఏళ్ళు నవ్వించానని చెప్పుకుంటూ తిరిగినవాణ్ణి, అసలు నాకు నవ్వించడం వచ్చా? ఆ ప్రశ్నకి జవాబు పదవీ విరమణ చేసి మిసాకి ఊళ్ళో ముల్లంగి పండించుకుంటోందని తెలుసు. తప్పుకి తగ్గ బరువుండాలని యోకాన్ మిఠాయి దిమ్మలు ఐదు కొని, రైలెక్కి, ఆ తర్వాత బస్సెక్కి వెళ్ళాను. సంచి నా భుజం లాగేసింది. వీడ్కోలు సభకి వెళ్ళి ఉంటే రెండు దిమ్మలతో సరిపోయేది.

ఇసోగాయి గట్టు మీద కూర్చుని ముల్లంగి మొక్కల మధ్య దూరాన్ని స్కేలుతో కొలుస్తున్నాడు. నన్ను చూసి లేచి, నేను వంగే లోపలే నడుం వంచి దణ్ణం పెట్టాడు.

“క్షమించాలి హొజుమి గారూ. నేనే రావాల్సింది. మీరు కనిపెట్టేశారన్నమాట.”

నేనేమీ కనిపెట్టలేదు. కాని యాభై ఎనిమిదేళ్ళొచ్చాక తెలియదని ఒప్పుకోవడం కష్టం. “ఆఁ, ఏదో...” అన్నాను.

ఇంట్లోకి తీసుకెళ్ళాడు. ఆయన భార్య ఫుమియె గారు టీ పెట్టి, మిఠాయి సంచి ఎత్తబోయి, “అమ్మో, ఇందులో ఏం రాళ్ళు పెట్టారండీ?” అంది. ఇసోగాయి మోకాళ్ళ మీద కూర్చుని, నేరం ఒప్పుకునేవాడిలా తల దించుకున్నాడు.

“జాండోర్గా వివరాల పుస్తకాలు మూడున్నాయి. మూడింట్లోనూ ఆయుధాలే. బోల్టులు మాత్రం అందులోవే. మిగతావి... ఆ మంగళవారం కిటికీ గానీ, స్నానాల గది వేళలు గానీ, సోయా సాస్ రేషను గానీ, ఎక్కడా లేవు.”

“లేవా? మరి మీరు...?”

“మీరు కొమ్ము మీద బట్టలారేశారు. అది కుదరదు. కుదరదని రాసి ఊరుకుంటే ఎలా? మరెక్కడ ఆరేస్తారు? నాలుగొందల మంది ఉంటారు అక్కడ. రెండ్రోజులు ఆలోచించాను.”

“అంటే కల్పించారు!”

“కల్పించడమేంటండీ,” అన్నాడు, మొదటిసారి కొంచెం నొచ్చుకుని. “ఆలోచిస్తే అలాగే ఉండి తీరాలి. ఆ కిటికీలో ఉండేది ఒక్కావిడే. మిగతా ఆరు రోజులూ ఆవిడ క్యాంటీన్‌లో అన్నం వండాలి. మరి మంగళవారం తప్ప ఎప్పుడు తెరుస్తుంది? మా ఆఫీసు కుర్రాళ్ళు అది చదివి పడీపడీ నవ్వారు. ఎందుకు నవ్వారో నాకిప్పటికీ తెలీదు. ఆవిడ ఎంత కష్టపడుతోందో!”

నాతో పోటీపడి నన్ను ఓడించిన హాస్యగాడు ఒకడున్నాడని వస్తే, ఇక్కడ హాస్యగాడే లేడు. ఆ రోబోలో నాలుగొందల మంది బతుకుతున్నారని నమ్మిన మనిషి ఒక్కడున్నాడు.

“టీవీ వాళ్ళు, బొమ్మల కంపెనీల వాళ్ళు, అందరూ నన్నడిగేది ఒకటే,” అన్నాడు ఇసోగాయి. “తూటా ఎంత దూరం పోతుంది, కత్తి పొడవెంత. మీరొక్కరే అండీ, గుడ్డలెక్కడ ఆరేస్తారని అడిగింది.”

నేను అడగలేదు. నేను కొమ్ము మీద చెడ్డీ గీసి నవ్వుకున్నాను. ఆ మాట ఆయనకి చెప్పే ధైర్యం లేక, వచ్చిన పని చెప్పాను. మళ్ళీ దిద్దమన్నాను. ఇంటికే ఫ్యాక్స్ పంపిస్తానన్నాను.

“అది తప్పండీ. ఇప్పుడు నాకు ముద్ర లేదు. ముద్ర లేనివాడు ఇంకొకరి పని దిద్దడమంటే ఆ కొత్త అబ్బాయిని అవమానించినట్టు.”

ఎంత బతిమాలినా ఆయన కదల్లేదు. చివరికి ఫుమియె గారే యోకాన్ ముక్కలు కోస్తూ, “పుస్తకంలో కార్డు ఉంటుందిగా. అది రాయడానికి ముద్ర ఎందుకూ? కొనుక్కున్న ప్రతివాడూ రాయొచ్చు,” అంది.

ఇసోగాయి పత్రిక తెరిచి కార్డుని తిరగేసి చూశాడు. “నిజమే. పాఠకుడికి ఆ హక్కుంది,” అన్నాడు.

జూలై సంచిక వచ్చిన వారానికి మినెగిషి ఒక కార్డు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. “మాస్టారూ, మిసాకిలో మీకెవరైనా శత్రువులున్నారా?”

నచ్చనిది: బుజ్జి జాండోర్గా. కారణం రాయడానికిచ్చిన రెండు గీతల మధ్య చీమ కాళ్ళంత అక్షరాలతో పదకొండు వరసలు. “హెల్మెట్‌లో నూడుల్స్ తింటే ఆవిరికి అద్దం మసకబారుతుంది. అందుకే పైలట్లకి చల్లని నూడుల్సే ఇస్తారు. చలికాలంలో ఈ విషయమై సమ్మె జరిగింది. అది నాలుగు నిమిషాలు సాగింది, ఎందుకంటే శత్రువు వచ్చాడు.”

ఆ కార్డు చదివి నేను కుర్చీలోంచి లేచి గదంతా తిరిగాను. ఆ మాటలే తర్వాతి సంచికలో వాడుకున్నాను, పోయిన నెల నేను చేసిన తప్పుకి ఈ నెల ఇంజనీరు తిట్లు పెట్టాడు. పాఠకులు పాత సంచిక తీసి తప్పు వెతుక్కున్నారు. స్థానం పద్నాలుగు, తర్వాత పదమూడు, పన్నెండు, పదకొండు. ప్రతి నెలా మిసాకి నుంచి ఒక కార్డు, ప్రతి నెలా నచ్చనిది మాదే. “ఈ ఒక్కాయన ఓటు పక్కన పెడితే ఇంకో మెట్టు ఎక్కుతాం మాస్టారూ, తీసేద్దామా?” అంది మినెగిషి. ఆ అమ్మాయి మీద నేను మొట్టమొదటిసారి అరిచింది అప్పుడే. అరిచాక జరిగిందంతా చెప్పాను. విని, “అంటే మీరు పదహారేళ్ళు...” అని ఆగింది. “అవును, అంతే,” అన్నాను.

ఇక డిసెంబరు సంచిక ఒక్కటే మిగిలింది. దానికోసం మిసాకి కార్డు వచ్చేదాకా పెన్సిలు ముట్టుకోలేదు. కార్డు వచ్చింది. ఎప్పుడూ పదకొండు వరసలుండే చోట రెండే ఉన్నాయి.

“క్యాంటీన్‌లో పైలట్లకి పన్నెండు పళ్ళేలు గీశారు. సోమా చనిపోయాక పైలట్లు పదకొండు మంది.”

జాండోర్గా అభిమానుల ముందు ఎత్తకూడని పేరు అది. టీవీలో ముప్పై ఒకటో ఎపిసోడ్‌లో తోటివాళ్ళని కాపాడి సోమా చనిపోతాడు. ఇన్నేళ్ళలో నేను అతని జోలికి వెళ్ళలేదు, కొడతారని భయం. ఇప్పుడు లెక్క తప్పి అతనికో పళ్ళెం పెట్టేశాను. నాలుగో గడికి ఇందులో ఏముంది? ఇంజనీరు “పదకొండు” అని అరిస్తే ఎవడు నవ్వుతాడు? ఇసోగాయి కూడా ఈసారి చేతులెత్తేశాడనుకున్నాను. ఏడుపొచ్చినంత పనయింది.

మూడు రోజులు ఆ పన్నెండో పళ్ళాన్నే చూస్తూ కూర్చున్నాను. మొదట నా తప్పుగా చూశాను. తర్వాత, వేరే దారి లేక, ఆయనలా చూశాను. పళ్ళెం అక్కడ ఉంది. ఎందుకుంది? ఎవరు పెట్టారు? పెట్టింది ఎవరో నాకు తెలుసు, ఆ కిటికీ ఆవిడే. ఆవిడ ఎందుకు పెడుతుందో ఆలోచించాను. ఆలోచిస్తే అది అలాగే ఉండి తీరాలి.

మొదటి గడిలో రేయిజీ అడుగుతాడు, ఈ పన్నెండో పళ్ళెం ఎవరిదని. “సోమా గారిది. భోజనం ఆపమని ఎవరూ కాగితం పెట్టలేదు,” అంటుంది వంటావిడ. రెండో గడి మంగళవారం. రేయిజీ కిటికీ దగ్గర భోజనం ఆపే కాగితం తీసుకుని, పెన్ను పట్టుకుని నిలబడతాడు. మూడో గడిలో కిటికీ మూసేస్తారు. అతను ఇంకా అలాగే నిలబడి ఉంటాడు, కాగితం తెల్లగానే ఉంటుంది. నాలుగో గడిలో పొట్ట ముందుకొచ్చిన రేయిజీని ఇంజనీరు తిడతాడు. “రెండు భోజనాలు తింటావా! నీ బరువుకి జాండోర్గా లేవట్లేదురా!”

ఇంజనీరు మాట మొదటిసారి నేనే రాశాను, దొంగ ఎర్ర పెన్ను లేకుండా. బాగుందో లేదో తెలియలేదు. పంపేసి పడుకున్నాను.

ఫలితాల రోజు మినెగిషి పుడ్డింగ్ లేకుండా వచ్చింది. “ఆరు, మాస్టారూ! ఆరో స్థానం! ఆపట్లేదు!” అని గుమ్మంలోనే గెంతింది. తర్వాత ఆ అమ్మాయి సంచిలోంచి మిసాకి కార్డు తీసి, నా చేతిలో పెట్టింది.

నచ్చనిది అన్న చోట ఏమీ లేదు. నచ్చినవి అన్న చోట మొదటి వరసలో ‘బుజ్జి జాండోర్గా’. కారణం రాసే రెండు గీతలూ ఖాళీ.

ఆరో స్థానం సంతోషం అంతా ఎగిరిపోయింది. ఇసోగాయి తప్పు పట్టలేదంటే ఆయనకేదో అయింది. వెంటనే ఫోన్ చేశాను.

“ఇసోగాయి గారూ! ఒంట్లో ఎలా ఉంది?”

“బాగానే ఉందండీ. ఎందుకూ?”

“కార్డు ఖాళీగా ఉంది.”

“నాలుగు రోజులు చూశాను. ఏం దొరకలేదు,” అన్నాడు, కొంచెం చిరాగ్గా. తర్వాత గొంతు తగ్గించాడు. “లెక్క మాత్రం వేశాను. సోమా పోయిన రోజు నుంచి యుద్ధం అయిపోయేదాకా నూట నాలుగు రోజులు. నూట నాలుగు రోజులూ ఆ అబ్బాయి కాగితం పెట్టలేదన్నమాట. ఆవిడా అడగలేదు. రోజూ వండింది...” ముక్కు చీదిన చప్పుడు వినపడింది. పక్కన ఫుమియె గారు “టవలు ఇదిగో” అనడం కూడా వినపడింది.

ముప్పై ఏళ్ళ హాస్య వృత్తిలో నా బొమ్మ చూసి ఒకాయన ఏడ్చాడు. మా లెక్కలో ఇది ఘోరమైన ఓటమి. అయినా నేనూ చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాను. కాని నేను నేనే కదా, అడక్కుండా ఉండలేకపోయాను.

“ఇసోగాయి గారూ, ఇంతకీ... నవ్వొచ్చిందా?”

ఆ మనిషి దేనికీ తొందరపడి జవాబు చెప్పడు.

“మొదట వచ్చిందండీ,” అన్నాడు.